గట్టి దూది

మొన్న ఆదివారం ఇల్లు సర్దుతూ అటక మీది సామాను దింపిస్తుంటే నా చిన్నప్పటి గద్దె జారి కిందపడి, దాని వెన్ను దగ్గర కుట్టు జానెడు మేర ఊడిపోయింది. ఊడిన చోటు నుంచి ముందు కాస్త దుమ్ము లేచింది, ఆ వెనకే పాత దూది వాసన, గోనె వాసన, ఆ రెంటి అడుగునా పాతికేళ్ళుగా చావని మిరపకాయ ఘాటు ఒక్కసారిగా గదిలోకి వచ్చేశాయి. నాకు వరసగా నాలుగు తుమ్ములు. తుమ్మితే నా ఒళ్ళు ఇప్పటికీ ఎగిరిపడుతుంది కాబట్టి గోడ పట్టుకుని, ఒక్కో తుమ్మునీ మర్యాదగా సాగనంపి, అప్పుడు కూర్చున్నాను. వంటింట్లోంచి అమ్మ "మళ్ళా ఆ టిక్కీ గోనెని కదిలించావా?" అని కేకేసింది. మిరపకాయల బస్తాని మా గుంటూరు వైపు టిక్కీ అంటారు. అమ్మ చూడకుండానే సంగతి పట్టేసింది.

గద్దె అంటే మీరు బంగారాలూ సింహం తలకాయలూ ఊహించుకోకండి. ఆరేళ్ళ పిల్ల కూర్చునే పాటి గోనె మూట అది. ముందువైపు ఎత్తు, వెనక పల్లం, రెండు పక్కలా రెండు గట్లు, మోకాళ్ళ మధ్యకి వచ్చేట్టు ఒక చిన్న దిబ్బ, వెనకాల భుజాల దాకా ఒక వెన్ను. నొక్కి చూస్తే వేలు దిగదు. దాని మీద కూర్చుని ఓనమాలు దిద్దిన పిల్ల ఇప్పుడు చిలకలూరిపేటలో తెలుగు టీచరు, రెండు చేతికర్రల మీద నడుస్తుంది, వెనక బల్లలో గుసగుసలాడే పదో తరగతి వాళ్ళని ఒక్క చూపుతో నోరు మూయిస్తుంది. ఇదంతా నా గొప్పే అని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు గానీ, నిజం చెప్పాలంటే ఇందులో సగానికి పైగా ఆ గోనె మూటదీ, దాని వెనకున్న ఇద్దరు ముగ్గురి చేతులదీ.

నేను పుట్టినప్పుడు ఏడవలేదట. మంత్రసాని నన్ను తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచి, చన్నీళ్ళు చల్లి, చాలాసేపటికి ఒక చిన్న కూత పెట్టించిందని అమ్మమ్మ చెప్పేది. ఆ కాస్త ఆలస్యానికే మెదడులో ఎక్కడో ఒక చోట దెబ్బ తగిలిందనీ, దాన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారనీ మాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటిదాకా మా ఇంట్లో దానికి ఉన్న పేరు ఒకటే, బిగువు. "పిల్లకి ఇయ్యాళ బిగువు తక్కువుంది" అని అమ్మ అంటే ఇంట్లో వాళ్ళంతా ఎండ తగ్గిందని విన్నంత తేలిగ్గా ఊపిరి పీల్చుకునేవాళ్ళు. చలికి బిగువు పెరిగేది, ఆకలికి పెరిగేది, కోపానికి పెరిగేది, పట్టరాని నవ్వొచ్చినా పెరిగేది. కాళ్ళు రెండూ కర్రల్లా అయి ఒకదాని మీదొకటి మెలిపడేవి, పిడికిళ్ళు మూసుకుపోయేవి, నడుము విల్లులా వెనక్కి వంగేది. ముఖ్యంగా చప్పుడికి. హైవే మీద లారీ హారన్ కొడితే చాలు, అమ్మ చంకలో ఉన్నదాన్ని కూడా చేతులు విదిలించుకుని ఎగిరిపడేదాన్ని.

మా ఊరు ఆ హైవే పక్కనే. నాన్న జిన్నింగు మిల్లులో పని చేసేవాడు, సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మల మీదా చెవుల మీదా దూది నూగుతో ముసలివాడిలా కనిపించేవాడు, స్నానం చేసొస్తే మళ్ళీ నా నాన్నయ్యేవాడు. అమ్మ కూలికి పోయేది. కార్తీకం చలి మొదలయ్యేసరికి నల్లరేగడి మీద పత్తి పగిలి, పొద్దున్నే మంచులో చేలన్నీ తెల్లగా తడిసి ఉండేవి. ఆడవాళ్ళు నడుముకి ఒడి కట్టుకుని వరసగా సాలు పట్టేవాళ్ళు. నన్ను చేని గట్టు మీద గోనెపట్టా వేసి అమ్మమ్మ ఒళ్ళో పడుకోబెట్టేవాళ్ళు. అక్కణ్ణుంచి నాకు కనిపించేది ఆకాశం, కాకులు, అమ్మమ్మ గడ్డం. క్రిస్మస్ ముందు ఇంటింటా అరిసెల పాకం వాసన, చర్చి గోడలకు సున్నం వాసన, కొత్త గౌను గంజి వాసన. పాటల బృందం డప్పు కొట్టుకుంటూ మా ఇంటి ముందుకి వస్తే నేను ఎగిరిపడతానని డప్పు ఆపేసి ఉత్త గొంతులతో పాడేవాళ్ళు. ఆ మర్యాద ఊళ్ళో ఇంకెవరికీ జరిగేది కాదు, అందుకని నాకు లోలోపల కాస్త గర్వంగా ఉండేది.

మిగతా పిల్లలు గచ్చకాయలు ఎగరేస్తుంటే, తొక్కుడుబిళ్ళ గీసుకుంటుంటే, నేను చూసేదాన్ని. పడుకుని చూస్తే ఆటంతా పక్కకి ఒరిగి ఉండేది. నాకు ఆడపిల్లల పాదాలు బాగా తెలుసు, ఎవరి మడమ పగిలిందో, ఎవరి పట్టీకి మువ్వ ఊడిందో చెప్పగలిగేదాన్ని, మొహాలు అంత బాగా తెలిసేవి కావు. కూర్చోవాలని ఉండేది నాకు. నడవాలని కూడా కాదు, అంత దూరం ఆలోచించేదాన్ని కాదు. కూర్చుని ఎదురుగా ఉన్న మనిషి మొహం చూడాలని ఉండేది.

నాకు అయిదు నిండిన జూన్‌లో అమ్మ నన్ను చంకనేసుకుని ఊరి బడికి తీసుకుపోయింది. హెడ్మాస్టరు గారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చేతిలో సుద్దముక్కతో ఉండే మనిషి. నన్ను బల్ల మీద కూర్చోబెట్టమన్నారు. అమ్మ కూర్చోబెట్టి చేతులు తీసిన మరుక్షణం బయట గంట మోగింది. ఆ బడి గంట ఒక రైలు పట్టా ముక్క, ఇనప కడ్డీతో కొట్టేవాళ్ళు. నేను వెనక్కి విరుచుకుని బల్ల మీంచి కిందకి జారిపోయాను, పెదవి చిట్లింది. ఆయన గబగబా వచ్చి నన్ను ఎత్తి అమ్మకిచ్చి, జేబురుమాలు తీసి నెత్తురు తుడిచి, "చూడమ్మా, నేను రాసుకోను అనటం లేదు. ఎవరూ పట్టుకోకుండా మొదటి గంట నుంచి ఇంటర్వెల్ గంట దాకా కూర్చోగలిగిన రోజున తీసుకురా. ఆ రోజే రాసుకుంటా. ఇట్టా పడితే తల పగిలిద్ది, నేనేం సమాధానం చెప్పను నీకు?" అన్నారు. అమ్మ తలూపింది. ఇంటికి వచ్చి నన్ను దించి, అమ్మమ్మతో "వచ్చే జూన్‌కి ఇది కూర్చోవాల" అని ఒక్క మాట అన్నది. ఆ రోజు నుంచి మా ఇంట్లో అన్ని పనులూ వచ్చే జూన్ వైపే నడిచాయి.

ఇప్పుడు అమ్మ చేసిన పొరపాటు చెప్పాలి. ఇది పత్తిచేలల్లో పెరిగినవాళ్ళు తప్ప ఇంకొకరు చేయగలిగిన పొరపాటు కాదు. పిల్ల ఒళ్ళు గట్టిగా ఉంది, దాన్ని మెత్తటిదాంట్లో ఉంచితే మెత్తబడుతుంది అనుకుంది అమ్మ. పత్తి తీతలు అయిపోయాక చేలల్లో మిగిలిపోయిన గుల్లల్లో పరిగె ఏరుకోవడం మావాళ్ళకి అలవాటు. ఆ శీతాకాలమంతా అమ్మ తాను తీసిన చేలల్లోనే పరిగె ఏరింది, అందులోనూ తెల్లటివి, పోగు పొడుగున్నవి మాత్రమే ఒళ్ళో వేసుకుని తెచ్చింది. నాన్న మిల్లులో గింజ తీయించుకొస్తానంటే "మిల్లులో ఏస్తే పోగు తెగుద్ది" అని ఒప్పుకోలేదు. పొయ్యి దగ్గర కూర్చుని, అన్నం ఉడికేలోగా, కూర ఉడికేలోగా, బొటనవేలి గోరుతో ఒక్కో గింజే తీసింది. తీసిన గింజల్ని అమ్మమ్మ నాకు వామనగుంటలు ఆడటానికి పోసేది. జనవరి చివరకి పరుపు తయారైంది. ఊళ్ళో పెళ్ళికూతుళ్ళకి కూడా అంత మెత్తటి పరుపు లేదని చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ అన్నారు. నన్ను అందులో పడుకోబెట్టారు. నేను అందులో సగానికి దిగిపోయాను, ఇంక నాకు పాదాలు కూడా కనిపించలేదు.

ఫిబ్రవరిలో మిరపకోతలు మొదలయ్యాయి. కల్లాలన్నీ ఎర్రబారాయి, ఎండకి కాయ గలగలలాడుతుంటే ఘాటు గాలిలో కలిసి ఊరి మీద పరుచుకునేది, బస్సుల్లో పోయేవాళ్ళు కిటికీలు వేసుకునేవాళ్ళు. అమ్మ సాయంత్రం వచ్చి చేతులు మజ్జిగతో కడుక్కుని, ఆముదం రాసుకుని, మళ్ళీ కడుక్కుని, మోచేత్తో నా చెంప తాకి చూసి నాకు మంట పుట్టకపోతేనే ఎత్తుకునేది. అంత జాగ్రత్త చేసినా ఆ ఏడు నాకు దగ్గు పట్టుకుంది. ముద్ద పెట్టినప్పుడల్లా దగ్గు, దగ్గినప్పుడల్లా బిగువు, బిగువుకి తిన్నది బయటికి. పక్కటెముకలు లెక్కపెట్టుకునేట్టు తయారయ్యాను. నిద్ర లేదు, విరేచనం రోజుల తరబడి లేదు. అందరూ మిరపకాయని తిట్టారు. మార్చి వచ్చింది, కూర్చోవడం మాట అటుంచి నేను తల నిలపడం కూడా మర్చిపోయాను. అమ్మ భయపడింది. ఆమె భయపడటం నేను అదే మొదటిసారి చూడటం, ఆ భయం నా ఒంట్లోకి కూడా వచ్చింది.

టౌన్లో ఆస్పత్రికి ప్రతి గురువారం ఒక ఫిజియోథెరపీ మేడం వస్తారని చర్చిలో ఎవరో చెబితే అమ్మ నన్ను ఆటోలో తీసుకుపోయింది. ఆస్పత్రి బల్ల గట్టిగా ఉంటుందని ఆ పరుపు కూడా చుట్టి వెంట తెచ్చింది. మేడంగారు నన్నొక్కసారి చూసి, పరుపుని రెండుసార్లు చూశారు.

"ఎవరు కుట్టారమ్మా ఇది?"

"నేనేనండి. ఒక్క గింజ లేకుండా చేత్తో తీశానండి."

అమ్మ గొంతులో ఆ గర్వం నాకింకా గుర్తుంది. మేడంగారు పరుపుని పక్కకి జరిపారు. నన్ను ఎత్తి, నేల మీద గోడ మూల చూసి, రెండు గోడలు కలిసే చోట నా వీపు ఆనించి, మోకాళ్ళు పైకి వంచి, అరికాళ్ళు నేలకి ఆనించి, తన కాళ్ళతో నన్ను అటూ ఇటూ ఆపి కూర్చోబెట్టారు. నా కాళ్ళ మెలిక మెల్లగా విడిపోయింది. పిడికిలి తెరుచుకుంది. నేను అమ్మ మొహాన్ని తిన్నగా, నిలువుగా చూశాను. అమ్మ నోరు తెరుచుకుని ఉంది.

"పిల్ల కండల్లో బలం లేక కాదమ్మా. వదులు కావాల్సినప్పుడు వదలటం వాటికి తెలియటం లేదు. మెదడు బిగించు బిగించు అంటానే ఉంది. ఒంటికి ఆసరా దొరికితే భయం తగ్గి కాస్త వదులుతుంది. ఈ పరుపులో ఆసరా ఏదీ? పిల్ల మునిగిపోతోంది. మునిగే మనిషి బిగుసుకోకుండా ఎట్టా ఉంటుంది? తొడలు వంగి, పాదాలు ఆని ఉంటే నడుము వెనక్కి ఎగరదు." తర్వాత అన్నం ఎలా పెడుతున్నారని అడిగారు. ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి అని అమ్మ చెప్పింది. "ఆ దగ్గు మిరపకాయది కాదమ్మా, అన్నంది. పడుకోబెట్టి పెడితే ముద్ద ఊపిరితిత్తుల వైపు పోతుంది. నిటారుగా కూర్చుంటే తిండి, ఊపిరి, నిద్ర అన్నీ దారికొస్తాయి. బిగువు ఒక్కటే వేరుగా ఉండదు, ఒళ్ళంతా ఒక్కటే." చివరికి పరుపు వైపు చెయ్యి చూపించి, మెల్లగానే, "దీన్ని తీసెయ్యండి" అన్నారు.

అమ్మ ఇంటికి వచ్చేదాకా పరుపు చుట్టని ఒళ్ళో పెట్టుకునే ఉంది. ఒక చలికాలమంతా గోటితో తీసిన ప్రేమ తన పిల్లకి అడ్డమైందని వింటే ఇంకొకరైతే మేడంగారిని తిట్టుకునేవాళ్ళు, లేదా తమని తాము తిట్టుకుంటూ మూల కూర్చునేవాళ్ళు. మా అమ్మ రెండూ చెయ్యలేదు. ఆ సాయంత్రమే పరుపుని అమ్మమ్మకి వేసి, మర్నాడు పొద్దున్నే మస్తాన్ తాత దగ్గరకి పోయింది. నా జీవితంలో నేను మెచ్చుకున్న పనులు చాలా ఉన్నాయి గానీ, ఆ రాత్రికీ ఆ పొద్దుకీ మధ్య అమ్మ తన గర్వాన్ని దింపుకున్న తీరుని మించినది ఇంకా చూడలేదు.

మస్తాన్ తాత దూదేకులాయన. వేసవి వస్తే హైవే పక్కన ఒక రేకుల పందిట్లో దిగేవాడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గట్టిపడిపోయిన పరుపులు తెచ్చిస్తే, విప్పి, తన ఏకేవిల్లు తంత్రిని దూదిలో పెట్టి కొయ్య సుత్తితో కొట్టేవాడు. టంయ్‌మని మోగి, గడ్డలు కట్టిన దూది నురుగై లేచేది. ఊరంతా మెత్తగా పడుకునేది ఆయన చలవే. అమ్మ నన్ను ఆయన ముందు దించి, మేడంగారు చెప్పిందంతా చెప్పి, వేలు దిగనంత గట్టిగా ఒక కూర్చునే పీట లాంటిది దూదితో కుట్టి ఇమ్మని అడిగింది. చెక్కది అయితే పిల్ల తోలు ఒరుసుకుపోతుందని మేడంగారే అన్నారట.

తాత విల్లు కింద పెట్టాడు. "నలభై ఏళ్ళుగా రాయిలాంటిదాన్ని దూది చేస్తన్నా. ఇప్పుడు దూదిని రాయి చెయ్యమంటన్నావా అమ్మాయ్?"

"అవును బాబాయ్."

"ఎవరన్నా చూస్తే మస్తాన్ పని మర్చిపోయాడంటారు."

"అననియ్యి."

ఆయన కాసేపు గొణుక్కున్నాడు. తర్వాత నా పాదం పట్టుకున్నాడు. అప్పటిదాకా నా కాళ్ళు పట్టుకున్న వాళ్ళంతా వంకర తీయడానికి గట్టిగా లాగినవాళ్ళే, లాగేకొద్దీ అవి ఎదురు తిరిగేవి. తాత లాగలేదు. తడిసిన దూదిని విడదీసేటప్పుడు ఎంత నిదానంగా ఉంటాడో అంత నిదానంగా, వేళ్ళతో కాకుండా అరచేత్తో పట్టుకుని, అది వదిలేదాకా ఊరికే ఉన్నాడు. అది వదిలింది. ఆయన జానలతో, బెత్తెళ్ళతో నన్ను కొలిచాడు, తుంటి దగ్గరొకటి, మోకాలు దగ్గరొకటి, చంక కిందొకటి. చివరికి "కొత్త దూది మాట వినదు అమ్మాయ్, నొక్కితే మళ్ళా పైకి లెగుస్తది. పాత పరుపుల్లో అట్టకట్టింది కావాల" అన్నాడు.

అమ్మ తన పరుపు ఒక మూల విప్పి కాస్త దూది చిన్న మూటగా కట్టి వెంట తెచ్చింది. అది ముందుకి జరిపి, "ఇది కూడా పెట్టు బాబాయ్" అన్నది. తాత మూట విప్పి, రెండు వేళ్ళతో ఒక పోగు లాగి, వెలుగులో చూసి, "దీన్ని పెట్టకూడదు. అణిగిపోద్ది, పిల్ల ఒరిగిపోద్ది" అని మళ్ళీ కట్టేసి మేకుకి తగిలించాడు. అమ్మ మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. ఆ మూట సంగతి ఆమె మళ్ళీ అడగలేదు.

ఇంక ఆ గద్దె తయారీ చూడాలి. నాన్న నాలుగు పాత చెక్కలు కొట్టి కింద ఒక పెట్టె, ముందు పాదాలు ఆన్చడానికి ఒక పలక చేశాడు. గోనె కోసం తాత టిక్కీ సంచులు తెచ్చాడు, మిగతా గోనె అంత బిగువు తట్టుకోదని. వాటిని మూడుసార్లు ఉతికి ఎండేశారు. అట్టకట్టిన దూదిని కూరి, రోకలితో దంచి, మళ్ళీ కూరి, దబ్బనంతో కుట్టి, తాత దాని మీద ఎక్కి తొక్కాడు. మొదటిసారి నేను ఎడమకి ఒరిగాను. విప్పాడు. రెండోసారి ముందుకి జారాను. విప్పాడు. మూడోసారి అంతా కుదిరింది, నేను కూర్చున్నాను, అందరూ ఊపిరి బిగబట్టారు, అప్పుడు గోనెలోంచి మిరప ఘాటు నా ముక్కుకి తగిలింది. తుమ్మాను. తుమ్ముకి విరుచుకున్నాను. మళ్ళీ తుమ్మాను. తాత నెత్తి కొట్టుకున్నాడు, అమ్మమ్మ నవ్వింది, ఆ నవ్వు చూసి నేను నవ్వితే ఆ నవ్వుకి ఇంకో విరుపు. చివరికి అమ్మ తన పాత చీర రెండు మడతలేసి గోనె మీద కుట్టింది. తాత వెనక్కి జరిగి చూసి "రాణిగారికి గద్దె కుదిరింది" అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది.

ఆ గద్దెలో కూర్చుని నేను తిన్న మొదటి అన్నం ముద్దపప్పు, నెయ్యి, చిటికెడు ఉప్పు. గడ్డం కాస్త కిందికి దించి పెట్టమని, గురువారం ఆస్పత్రికి వెంట వచ్చిన అమ్మమ్మకి మేడంగారు చూపించారు. ఒక్కసారి కూడా దగ్గు రాలేదు. అమ్మమ్మ ఖాళీ గిన్నెని ఊళ్ళో పదిమందికి చూపించి వచ్చింది. మే నెల వచ్చేసరికి పక్కటెముకలు కనిపించడం తగ్గింది, నిద్ర పట్టింది, గుండెల్లో గురగుర పోయింది. నా మాట కూడా స్పష్టమైంది, ఊపిరి సరిగా ఆడితే మాట వస్తుందని నాకు అప్పుడే తెలిసింది. కూర్చుని వామనగుంటలు ఆడాను. ఆ పత్తిగింజల్ని ఒక్కోటీ వేళ్ళతో తీసి గుంటలో వేయడానికి పొద్దు వాలిపోయేది, అయినా అమ్మమ్మ ఏ రోజూ విసుక్కోలేదు, కావాలని ఓడిపోనూ లేదు.

మిగిలింది గంట. కూర్చోవడం వచ్చింది గానీ, ఆ రైలు పట్టా మోగితే ఏమవుతుందో మాకందరికీ తెలుసు. ఆ సంగతి ముందు ఎత్తింది తాతే. "నా దగ్గర చప్పుడుకి కరువా?" అని నా గద్దెని తన పందిట్లో విల్లుకి రెండు బారల దూరంలో పెట్టించాడు. అమ్మ కల్లంలో తెల్లబారిన తాలు మిరపకాయలు ఏరుతున్నంతసేపూ నేనూ అమ్మమ్మా అక్కడే. చప్పుడు వినగానే ఊపిరి బిగపట్టకుండా ఊదెయ్యమని మేడంగారు నేర్పారు. తాత ముందు "కొడతన్నా" అని చెప్పి కొట్టేవాడు. నేను ఎగిరేదాన్ని, ఊదేదాన్ని. వారం తర్వాత చెప్పకుండా కొట్టాడు. చేతులు ఎగిరేవి, ఒక్కోసారి తల కూడా వెనక్కి పోయేది, కానీ ఎత్తుగా ఉన్న ఆ ముందు గట్టు నా తొడల్ని వంచి పెట్టుకునేది, మోకాళ్ళ మధ్య దిబ్బ కాళ్ళని మెలిపడనిచ్చేది కాదు. ఒంటి మీద దూది నూగు పడి ఇద్దరం తెల్లగా అయిపోయి, రోజంతా వాదులాడుకునేవాళ్ళం. "తాతా, ఇయ్యాళ చిన్నగా కొట్టావు" అంటే ఆయనకి రోషం వచ్చేది.

జూన్‌లో బడి తెరిచిన రోజున అమ్మ నన్ను చంకలో, గద్దెని నెత్తిన పెట్టుకుని నడిచింది. చెక్కపెట్టె నాన్న మోశాడు. తాత విల్లు భుజాన వేసుకుని వెనకాల వచ్చాడు, పని మీద పోతూ ఊరికే ఇటొచ్చాను అన్నట్టు. హెడ్మాస్టరు గారు గద్దెని అటూ ఇటూ తిప్పి చూసి, ఒకటో తరగతిలో ముందు వరసలో పెట్టించారు. మొదటి గంట మోగాకే నన్ను కూర్చోబెట్టారు. అమ్మ కిటికీ బయట నిలబడింది. లోపలికి రావద్దన్నది ఒక్కటే షరతు.

నలభై మంది పిల్లల మొహాలు ఒక్కసారి నిలువుగా చూడటం అదే మొదలు. నాకు పాఠం ఒక్క ముక్క ఎక్కలేదు. చెమట పట్టింది, నడుము లాగింది, ఒక ఈగ ముక్కు మీద వాలితే దాన్ని తోలడానికి చెయ్యి మాట వినలేదు. ఒడిలో పలక ఉంది. ఇంటర్వెల్ గంట ఎప్పుడు కొడతారో తెలియదు, తెలియకపోవడమే కష్టం. కిటికీలో అమ్మ పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన చేస్తోందో ఊదమని చెబుతోందో తెలియలేదు. అప్పుడు మోగింది గంట.

చేతులు రెండూ ఎగిరాయి. పలక ఎగిరి రెండో వరసలో పడింది. తల వెనక్కి పోయి గద్దె వెన్నుకి తగిలింది. నేను ఊపిరి ఊదేశాను. చేతులు దిగాయి. తల తిరిగి నిలబడింది. నడుము గద్దెలోనే ఉంది. పాదాలు నాన్న కొట్టిన చెక్క మీదే ఉన్నాయి.

హెడ్మాస్టరు గారు గుమ్మం దగ్గర నిలబడి నన్ను చూస్తున్నారు. గంట ఆయనే కొట్టారని తర్వాత తెలిసింది, ఏడాది కిందటి కంటే గట్టిగా కొట్టానని రిటైరయ్యే ముందు ఆయనే నాతో అన్నారు. ఆ రోజు మాత్రం పొగడ్తలు ఏమీ లేవు. "ఆ పిల్ల పలక తీసివ్వండ్రా" అని, రిజిస్టరు తెరిచి, "పేరేంటమ్మా?" అని నన్నే అడిగారు, అమ్మని కాదు.

"కరుణ" అన్నాను. ఊపిరి ఉంది, మాట వచ్చింది.

బయట అమ్మ కిటికీ ఊచలు పట్టుకుని ఏడ్చేసింది. తాత విల్లు ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకుని, "గట్టిగానే కుట్టాన్లే" అని హైవే వైపు వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆ పందిరి లేదు. ఆ చోట పరుపుల షోరూం ఉంది, అన్నీ ఫోమువే, గుమ్మంలో "మేఘం మీద నిద్ర" అని బోర్డు. దూది ఏకే కరెంటు మిషను దుకాణం ఒకటుందని, ఊడిన కుట్టు వేయించుకుందామని వెళ్ళి గద్దె చూపిస్తే, అక్కడి అబ్బాయి "ఇది పనికిరాదు మేడం, పడేయండి" అన్నాడు. తాత పోయి చాలా ఏళ్ళయింది, అమ్మమ్మ అంతకు ముందే పోయింది, వాళ్ళ వెనకాల నాన్న. పరిగె ఏరేవాళ్ళు కనిపించరు. ఇప్పటి పిల్లలకి మంచి కుర్చీలు వచ్చాయి, చక్రాలవీ, బెల్టులవీ, చూస్తే నాకు సంతోషమే. కానీ చెయ్యి పెట్టి, అది వదిలేదాకా ఊరికే ఉండే మనిషి ఆ కుర్చీలతో రాడు.

మిషను దుకాణం నుంచి గద్దెని తిరిగి ఇంటికే తెచ్చాను. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని దబ్బనం అందుకుంది. కుట్టేముందు లోపల దూది సర్దుదామని ఊడిన చోట వేళ్ళు పెట్టి, చేతికొచ్చింది బయటికి తీసింది. బూడిదరంగు గడ్డలు, అట్టకట్టిన దూది ముక్కలు. ఇంకాస్త లోపలికి, సరిగ్గా నా తల వెనక్కి పోయి తగిలే చోట, ఆమె వేళ్ళు ఆగాయి. బయటికి వచ్చింది పిడికెడు మెత్తటి దూది. కాస్త పచ్చబడింది, అంతే. చుట్టూ అంత దంచి కూరినవాడు దాన్ని మాత్రం నలగనివ్వకుండా, చిన్న బట్టలో చుట్టి పెట్టాడు.

అమ్మ ఒక పోగు లాగి వెలుగులో చూసింది. రెండు వేళ్ళ మధ్య నలిపింది. దూదిలో ఏదో గుచ్చుకుంటే తీసి అరచేతిలో పెట్టుకుంది. ఒక పత్తిగింజ. ఒక్క గింజ లేకుండా తీశానండి అని ఆ రోజు మేడంగారితో చెప్పిన మనిషి కళ్ళని ఆ చలికాలం తప్పించుకున్న గింజ.

"నాదే" అన్నది అమ్మ. "ముసలోడు చెప్పనే లేదు చూడు."

ఆ గంట మోగిన రోజున నా తల వెళ్ళి తగిలింది దేనికో నాకు అప్పటిదాకా తెలియదు. తర్వాత అమ్మ గింజని కొంగున ముడేసుకుని, ఆ పిడికెడు దూదినీ మళ్ళీ అదే బట్టలో చుట్టి, తీసిన చోటే పెట్టి, చుట్టూ పాత గడ్డలు గట్టిగా కూరి, కుట్టేసింది.